తలుపు కింద పదిహేడో బిళ్ళ

నేను ఒక బిళ్ళను. బిళ్ళ అనగానే రూపాయి బిళ్ళ అనుకునేరు. నాతో బజారులో అరటిపండు కూడా రాదు. పాతకాలపు రూపాయంత వెడల్పు, దానికి రెండింతలు మందం, ఒకవైపు పదిహేడు అనే అంకె, రెండోవైపు నున్నటి వీపు. ఒళ్ళంతా సీసం. మొన్న ఆదివారం దాకా, ఇరవై ఏళ్ళ పాటు, ఒక చర్చి తలుపు కింద ఇరుక్కుని ఉన్నాను. నన్ను అక్కడి నుంచి పీకి తీసిన చెయ్యి ఎవరిదో తెలిస్తే గానీ నా భయం మీకు అర్థం కాదు. అందుకని మొదటి నుంచీ చెప్పుకు రావాలి.

ఏరు సముద్రంలో కలిసేచోట పాతమొగ అని ఒక పల్లె ఉంది. అందరూ చేపలు పట్టే పల్లెకారులే. పుట్టుకతో నేను బిళ్ళను కాను, వల అడుగున కట్టే సీసపు గుండును. నీళ్ళలోకి దిగడం, వలను కిందికి లాగి పట్టడం, చేపకు దారి లేకుండా చెయ్యడం, అదీ నా కులవృత్తి. అలా ఎన్నో ఏళ్ళు సముద్రం అడుగున తిరిగాను. నీళ్ళు ముందుకు తోసేటప్పుడు చేసే గోల మీరు ఒడ్డున నిలబడి వింటారు. అవి వెనక్కి లాగేటప్పుడు చప్పుడు ఉండదు. ఆ సంగతి అడుగున ఉన్నవాళ్ళకే తెలుసు.

మూడు తరాల కిందట ఆ పల్లెకు స్కాట్లండు నుంచి ఒక దొరగారు వచ్చాడు. ప్రెస్బిటేరియన్ సంఘం మనిషి. దేవుడికి బొమ్మలు అక్కర్లేదు, దీపాలు అక్కర్లేదు, వాయిద్యాలు అసలే అక్కర్లేదు, సంఘాన్ని నడపడానికి నలుగురు పెద్దలుంటే చాలు అన్నాడు. పెద్దరికానికి కొదవ మన పల్లెల్లో ఎక్కడా లేదు కనుక సంఘం ఇట్టే నిలబడింది. చర్చి కట్టారు. పక్కనే పాత రైలు పట్టా ఒకటి నిలువునా పాతి, దానికి గంట వేలాడదీశారు.

దొరగారు తన దేశపు పాత ఆచారం ఒకటి వెంట తెచ్చాడు. ఏడాదికి నాలుగుసార్లు ప్రభువు బల్ల జరుగుతుంది. రొట్టె విరిచి, ద్రాక్షరసం పంచుకుని, అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చునే ఆరాధన అది. దానికి ముందురోజు శనివారం సంఘపెద్దలు ఇల్లిల్లూ తిరిగి, నడవడి విచారించి, సరిగా ఉన్నవాళ్ళ చేతిలో తలా ఒక బిళ్ళ పెడతారు. ఆదివారం ఆ బిళ్ళ పళ్ళెంలో వేస్తేనే బల్ల దగ్గర చోటు. బిళ్ళ లేనివాళ్ళు, చిన్నపిల్లలు తప్ప, లేచి బయటికి నడవాలి. వెనకాల తలుపు గడియ పడుతుంది. ఇక బల్ల అయ్యేదాకా ఆ తలుపు ఎవరికీ తెరవరు.

ఆ బిళ్ళలకు లోహం కావాలంటే ఊళ్ళోవాళ్ళు తలా రెండు వలగుండ్లు తెచ్చి పోశారు. కంసాలి వాటిని కరిగించి నలభై బిళ్ళలు చేశాడు. అప్పటిదాకా చేపల్ని బయటికి పోనివ్వకపోవడం నా పని. ఆ రోజు నుంచి మనుషుల్ని లోపలికి రానివ్వకపోవడం. పనిలో పెద్ద తేడా నాకు కనబడలేదు.

మా ఆదివారాల గురించి నాలుగు మాటలు చెప్పాలి. శనివారం పొద్దుగూకేసరికి వలలు దులిపి ఎత్తేసేవాళ్ళు. ఆదివారం పడవ కదలకూడదు, కత్తి చేప మీద పడకూడదు. ఎంత నూనె రాసి దువ్వినా, ఎంత తెల్లబట్ట కట్టినా, చర్చిలో ఎండుచేపల వాసన మాత్రం దేవుడితో సమానంగా నిండి ఉండేది. మగాళ్ళు ఎడమ, ఆడాళ్ళు కుడి. కీర్తన ఎత్తుకునేవాడు తొడ మీద చరిచి తాళం వేస్తే మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. సముద్రపు తెర్లు విరిగిపడేచోట పుట్టిన గొంతులు కదా, ఆ పాటకు పెంకులు కదిలేవి. తరవాత గంటసేపు ప్రసంగం. అందులో సగంసేపు సగంమంది కళ్ళు మూసుకుని ధ్యానించేవాళ్ళు, కొందరు గురక పెట్టి మరీ ధ్యానించేవాళ్ళు. ఆరాధన అయ్యాక గుమ్మం ముందు నిలబడి ఎవరికి జ్వరం, ఎవరి పడవకు చిల్లు, ఎవరింట్లో పొయ్యి వెలగలేదు అని కనుక్కుని, ఇంటికి పిడికెడు చొప్పున పోగైన బియ్యం సంచి విప్పి అవసరమైనవాళ్ళ ఇంటికి పంపేవాళ్ళు. మంచి మనుషులు. ఈ కథలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. ఉంటే నాకు ఇంత బరువు ఉండేది కాదు.

పదిహేడో నంబరు లంకేవారి ఇంటి కోడళ్ళది. మేరమ్మ అనే ఆవిడ నన్ను నలభై ఏళ్ళు పుచ్చుకుంది. ఆమె కొడుకు ఎలీషాకు పెళ్ళయి తబిత కోడలిగా వచ్చాక, "నా పదిహేడు దీనికివ్వండి, పోయిన మా ఆయనది నేను తీసుకుంటా" అని నన్ను కోడలికి ఇప్పించింది. ఉప్పుకు పగిలిన అరచెయ్యి తబితది. ఆ శనివారం రాత్రి నన్ను కొంగున ముడివేసుకుని పడుకునేది. బల్ల దగ్గర కూర్చోవడమంటే ఆమెకు ప్రాణం. పొద్దున లేస్తే చేపలగంప, ఎండ, బేరాలు, మొగుడి విసుర్లు; ఏడాదిలో నాలుగు రోజులు మాత్రం ఊరి పెద్ద పక్కన, అదే బల్ల మీద, అదే రొట్టె. ఆదివారం బడిలో బైబిలు పట్టుకుని చదువు నేర్చుకుంది. నేర్చుకుని ఊరుకుంటే గొడవ ఉండేది కాదు, గుర్తు కూడా పెట్టుకుంది.

బిళ్ళలు పంచే పెద్ద కొప్పాడి హిజ్కియా. మేరమ్మకు స్వయానా తమ్ముడు, అంటే తబితకు మొగుడి మేనమామ. ఊళ్ళో ఎవరు పోయినా మొదటి పార మట్టి తీసేది ఆయనే. జ్వరం వచ్చిన ఇంటి ముందు తెల్లార్లూ కూర్చునేదీ ఆయనే. ఆయనకు ఉన్న జబ్బల్లా ఒకటే, ఎదురు మాట పడదు. అది బైబిలు వాక్యంలోంచి వచ్చిన ఎదురు మాట అయితే అసలు పడదు.

ఒక మార్చి నెల ఆదివారం, మొదటి గంట కొట్టాక, దక్షిణాన మబ్బు లేచింది. శనివారం ఎండబెట్టిన సన్నచేపలు, నెత్తళ్ళు, ఇంకా ఇసుక మీదే ఉన్నాయి. అందరూ మబ్బు వంక చూసి, చేపల వంక చూసి, నిట్టూర్చి చర్చికి నడిచారు. తబిత గంప తీసుకుని వెళ్ళి తన చేపలు ఎత్తుకుని ఇంట్లో పడేసి, తలకంటిన ఇసుకతోనే వచ్చి కూర్చుంది. వాన కురిసింది. మిగతావాళ్ళ చేపలు తడిసి పురుగు పట్టాయి, ఆమెవి దక్కాయి. క్షమించడానికి వీల్లేని భాగం బహుశా అదే.

తరవాతి బల్లకు ముందు శనివారం హిజ్కియా వచ్చాడు. ఎలీషాకు, మేరమ్మకు బిళ్ళలిచ్చి, నన్ను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఆగాడు.

"ఆదివారం చేపలెత్తావంట."

"ఎత్తాను మావయ్యా. వానొచ్చింది."

"వాన పంపిందెవరు?"

"చేపలిచ్చిందీ ఆయనే గదా. గొడ్డు గోతిలో పడితే విశ్రాంతి దినమైనా పైకి లాగమన్నాడు ప్రభువు. నాకు గొడ్డూ గోదా లేదు. నా గొడ్డు ఆ నెత్తళ్ళే."

మంచం మీంచి మేరమ్మ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు కొంప ముంచింది. హిజ్కియా ముఖం నల్లబడింది.

"పెద్దల సభ ముందు నిలబడి తప్పయిందని ఒక్కమాట అను. ఇస్తాను."

"తప్పని నా మనసుకు తోచకుండా తప్పయిందంటే అబద్ధం అవుద్ది మావయ్యా. అబద్ధమాడి బల్ల దగ్గర కూర్చోమంటారా?"

ఆయన నన్ను బిళ్ళలు దాచే రేకు డబ్బాలో వెయ్యలేదు, తన చొక్కా జేబులో వేసుకున్నాడు. డబ్బాలో వేస్తే ఆమెను సంఘంలోంచి తీసేసినట్టు. జేబులో ఉంటే ఆ ఒక్కమాట అనగానే చేతిలో పెట్టొచ్చు. అందుకే వేసుకున్నాడని ఆయన గుండె పక్కన తొమ్మిది నెలలు కాపరం చేసిన నాకు తెలుసు. నాకు అటు కళ్ళజోడు, ఇటు పొడుం డబ్బా. ఆమె ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడల్లా ఆయన నడక నెమ్మదించేది. ఆమె గుమ్మంలో ఉంటే వంగి "బాగున్నారా మావయ్యా" అనేది. ఆ ఒక్కమాట తప్ప అన్నీ అనేది.

ఏప్రిల్ బల్ల వెళ్ళింది. జూలై వెళ్ళింది. అక్టోబరు వెళ్ళింది. మూడుసార్లూ తబిత, ఎవరూ చెప్పకముందే లేచి, ఇద్దరు పిల్లల్ని అత్తగారి పక్కకు జరిపి, బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. లోపల కీర్తన ఎత్తుకుంటే బయట నుంచి ఆమె గొంతు కలిసేది. తలుపు దగ్గర నిలబడ్డ హిజ్కియా ఆ గొంతు వినబడకుండా తొడ మీద ఇంకా గట్టిగా చరిచేవాడు. ఎలీషా రొట్టె తీసుకుని తల ఎత్తేవాడు కాదు. చేపల గంపల గుంపులో ఆడాళ్ళు ఆమెను ముందు నడవనిచ్చి, వెనక గుసగుసలాడుకునేవాళ్ళు. మనిషికి ఆకలేస్తే అడుక్కోవచ్చు. ఆమెకు పట్టిన ఆకలి అలాంటిది కాదు.

నాలుగోది డిసెంబరు బల్ల. ఆ ఏడు క్రిస్మస్ శనివారం పడింది, బల్ల మర్నాడు ఆదివారం. పండగపూట సాయంత్రం హిజ్కియా బిళ్ళలు పంచుకుంటూ లంకేవారి ఇంటికొచ్చాడు. తబిత అరిసెల పళ్ళెం ఆయన ముందు పెట్టింది. ఆయన ఒకటి తీసుకున్నాడు. తింటూ ఆమె వంక చూశాడు. జేబు మీద చెయ్యి వేసుకున్నాడు కూడా. అడగకుండానే ఇచ్చేస్తాడేమో అనుకున్నాను.

ఆమె ముందే నోరు విప్పింది. "నాలుగోసారి మెట్ల మీద కూర్చోను మావయ్యా. రేపు తలుపు కొడతాను. మీరు తీసేదాకా కొడతాను. లోపలికొచ్చి పాస్టరుగారి ముందు, అందరి ముందు అడుగుతాను నేనేం చేశానో."

ఆయన సగం అరిసె పళ్ళెంలో పెట్టేశాడు.

"కొట్టి చూడు," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే, ఇంకా చొక్కా తొడుక్కోకముందు, మేకుకు వేలాడుతున్న చొక్కా దానంతట అదే ఊగింది. లోపల నేనున్నాను. బీరువా మీద రేకు డబ్బాలో మిగిలిపోయిన బిళ్ళలు నాలుగైదు గలగలలాడాయి. ఎవరూ ముట్టుకోలేదు. హిజ్కియా తల తిప్పి చూసి "పందికొక్కు" అన్నాడు. గోడకు కర్ర తట్టి మళ్ళీ గడ్డం గీసుకోవడంలో పడ్డాడు. నాకు మాత్రం పాత ఎరుక ఏదో ఒంట్లో కదిలింది. నేల అడుగున, చాలా దూరాన, ఎవరో పెద్ద వల లాగినట్టనిపించింది. బిళ్ళలకు నోరుండదు. ఉన్నా ఆ పూట మమ్మల్ని ఎవరు అడుగుతారు?

పాస్టరు జ్ఞానప్రకాశం గారు మూడు ఊళ్ళు తిరగాలి, అందుకని మా ఆరాధన పెందలాడే. తూర్పు గాలికి బల్ల మీది తెల్లబట్ట లేచిపోతోందని సముద్రం వైపు కిటికీలన్నీ మూశారు. తలుపు కూడా సముద్రం వైపే. ప్రసంగం అయ్యింది. తబిత లేచింది. కొడుకు ఓబద్యా తలనిమిరి, కూతుర్ని మేరమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి, ఈసారి హిజ్కియా కళ్ళలోకి సూటిగా చూసి బయటికి నడిచింది. ఆయన తలుపు మూసి గడియ వేశాడు. గడియ ఇనుపది, పడినప్పుడు పెద్ద చప్పుడవుతుంది. పిల్లలు ఉలిక్కిపడ్డారు.

ఒక్కొక్కరే వచ్చి పళ్ళెంలో బిళ్ళలు వేశారు. బల్ల చుట్టూ కూర్చున్నారు. కీర్తన ఎత్తుకున్నారు. రెండు చరణాలు నడిచాయి. బయట నుంచి కలవాల్సిన గొంతు కలవలేదు. ఆయన చెవి దానికోసమే చూస్తోంది, నాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు తలుపు మీద చప్పుడయింది.

హిజ్కియా కదలలేదు. ఆయన గుండె మాత్రం నాకు ఇటు పక్క నుంచి దబదబమని తగిలింది. చప్పుడు ఆగలేదు. మొదట అరచేత్తో, తరవాత పిడికిలితో.

"మావయ్యా, తలుపు తియ్యండి. సముద్రం లేదు."

పాట నడుస్తూనే ఉంది. దగ్గరున్నవాళ్ళు కొందరు విన్నారు, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నిన్న సాయంత్రం ఆమె అన్నమాట ఊరంతటికీ తెలుసు. పండగపూట కబురు అరిసెల కంటే వేగంగా పంచుకున్నారు. కొడతానంది, కొడుతోంది, అనుకున్నారు. సముద్రం లేదట, ఎంత మాట పుట్టించింది, అనుకున్నారు. ఎలీషా చేతిలో ద్రాక్షరసం గిన్నె ఉంది. పెళ్ళాం గొంతు విని అతని చెవులు సిగ్గుతో ఎర్రబడ్డాయి. లేవలేదు.

"ఎలీషా, పిల్లల్ని తీసుకుని రా. నీళ్ళు వెనక్కి పోయినయ్. పడవలు పక్కకి పడిపోయినయ్. నాకు భయంగా ఉంది, రా."

నన్ను అడిగితే చెప్పేవాణ్ణి. చప్పుడు లేకుండా వెనక్కి లాగడం అంటే ఏమిటో ఆ గుడిలో నాకొక్కడికే తెలుసు. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళ అడుగున ఉన్నాను. ఎంత వెనక్కి లాగితే అంత ముందుకు వస్తుంది. నా పైన చొక్కాగుడ్డ, దాని పైన పెద్ద చెయ్యి. ఆయన నన్ను గుండెకేసి నొక్కి పట్టుకుని నిలబడ్డాడు.

పాట ఆగింది. ఆ నిశ్శబ్దంలో మేరమ్మ గొంతు వినబడింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళు పట్టేసి లేవలేక, కూర్చున్నచోటు నుంచే అంది.

"ఒరే హిజ్కియా. తలుపు తియ్యిరా."

"బిళ్ళ లేదక్కా దానికి."

"నీ జేబులో ఉంది గదరా. ఏప్రిల్ నించీ మోస్తన్నావ్, నాకు తెలవదనుకున్నావా? ఇచ్చెయ్."

బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. చెమట చొక్కాలోంచి నాకు తగిలింది. కట్టుబాటు తప్పి తలుపు తియ్యలేడు. అక్క మాట తీసెయ్యలేడు. నలుగురి మధ్య నలిగిపోయిన పెద్దమనిషికి తోచే ఉపాయమే ఆయనకు తోచింది. జేబులోంచి నన్ను తీశాడు. వంగి, తలుపు కింది సందులోంచి నన్ను బయటికి తోశాడు.

"ఇదిగో బిళ్ళ. తీసుకో. తీసుకుని తలుపు కొట్టు, తీస్తాను."

నేను మందంగా ఉన్నాను. సందు సన్నగా ఉంది. సగం దూరి ఇరుక్కుపోయాను. ఆ విధంగా నా సగం లోపల, సగం బయట అయింది. లోపలి సగానికి తెల్లబట్ట పరిచిన బల్ల, రొట్టె, పిల్లల కాళ్ళు కనబడుతున్నాయి. బయటి సగానికి సముద్రం కనబడలేదు. మెట్ల కింద నుంచి కనుచూపు మేర దాకా తడి ఇసుక, దాని మీద ఎగిరెగిరి పడుతున్న చేపలు, పక్కకు ఒరిగిన పడవలు. నా ముందు తబిత కాళ్ళు. ఆమె నన్ను చూసింది. తొమ్మిది నెలలుగా దేనికోసం తపించిందో అది కాళ్ళ దగ్గరికి వచ్చింది. ఆమె వంగలేదు. ఆ కాళ్ళు ఒక్క క్షణం నిలబడి, గంట స్తంభం వైపు పరుగెత్తాయి.

బల్ల మధ్యలో మా గంట ఏనాడూ మోగలేదు. మోగితే చావో, నిప్పో. అది వినగానే హిజ్కియా గడియ లాగాడు. తలుపు జానెడు తెరుచుకుని ఆగిపోయింది. కింద నేనున్నాను. ఆయన లాగాడు, ఎలీషా వచ్చి లాగాడు, ఇంకో ఇద్దరు వచ్చారు. నేను రాతిగచ్చు బీటలో దిగబడి, కదలనంటే కదలలేదు. కావాలని కాదు. అడ్డం పడటం తప్ప నాకు ఎవరూ ఏ పనీ నేర్పలేదు. ఎన్ని ఊపిర్లు పట్టిందో లెక్క చెప్పలేను. చివరికి తలుపు నా వీపు గీరుకుంటూ కిర్రుమని తెరుచుకుంది.

అందరూ గుమ్మంలో ఒక్కసారి నిలబడిపోయారు. దూరంగా, ఆకాశం కింద, సున్నం గీత లాంటిది ఒకటి కనబడింది. పాస్టరుగారు "షెల్టరు మీదికి పదండి" అన్నాడు. ఊరి వెనకాల స్తంభాల మీద కట్టిన తుఫాను షెల్టరు ఉంది. ఎలీషా పిల్లలిద్దర్నీ చెరో చంకన ఎత్తుకున్నాడు. జనం నన్ను తొక్కుకుంటూ వెళ్ళారు. అప్పటిదాకా తలుపు మూసి పట్టుకున్న హిజ్కియా, ఇప్పుడు అదే తలుపు వెనక్కి అదిమిపట్టి, చివరి మనిషి దాటేదాకా నిలబడ్డాడు. బిళ్ళల పళ్ళెం ఇంకా ఎడం చేతిలోనే ఉంది.

లోపల మేరమ్మ మిగిలింది. "నువ్వు పోరా. నా కాళ్ళు రావు."

ఆయన పళ్ళెం కింద పెట్టాడు. జాగ్రత్తగా పెట్టాడు, బిళ్ళలు దొర్లకుండా. వెళ్ళి అక్క ముందు వీపు పెట్టి కూర్చున్నాడు. "ఎక్కు. చిన్నప్పుడు ఏరు దాటించావు గదా నన్ను," అన్నాడు. ఆమెను మోసుకుని నా పక్కనుంచి మెట్లు దిగాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఇసుకలో నడక. గంట ఇంకా మోగుతూనే ఉంది. తరవాత మోగలేదు. తరవాత నీళ్ళు నా మీదికి వచ్చాయి.

ఆ నీళ్ళను గురించి ఎక్కువ చెప్పను. నా పుట్టింటి నీళ్ళే, కానీ నన్ను గుర్తుపట్టలేదు.

పాతమొగలో ఆ రోజు పోయినవాళ్ళు ఇద్దరే. మర్నాడు సరుగుడు తోటలో దొరికారు. మేరమ్మ చేతులు తమ్ముడి మెడ చుట్టూ అలాగే ఉన్నాయి. తబితను రైలు పట్టా స్తంభానికి చీరకొంగుతో చుట్టుకుపోయి, ప్రాణాలతో ఉండగా విప్పారు. ముప్పై తొమ్మిది బిళ్ళలూ, పళ్ళెం, డబ్బా కొట్టుకుపోయాయి. నేను మిగిలాను. వెనక్కి లాగిన నీళ్ళు తలుపును ఈడ్చి నా మీద బిగించాయి. తలుపు కింద ఉన్నాను కాబట్టి మిగిలాను, నేను ఉన్నాను కాబట్టి తలుపు ఊడలేదు.

ఊరంతా తబితను చేతులెత్తి మొక్కింది. ఆమె మాత్రం శనివారాలు చర్చి ఊడ్చే పని అడిగి తీసుకుంది. ఒక శనివారం మిట్టమధ్యాహ్నం నా దగ్గరికొచ్చి చీపురు ఆపి, తలుపుతోనో నాతోనో అంది. "పండగపూట నేనా మాట అనకపోతే, కొట్టగానే మావయ్య తీసేవాడు." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నేను కూడా మందంగా పుట్టకపోతే బాగుండేదనుకున్నాను. మా ఇద్దరికీ అది ఇంకెవరితోనూ చెప్పుకునే మాట కాదు.

చర్చికి మళ్ళీ సున్నం కొట్టినప్పుడు వడ్రంగి నన్ను పీకబోతే తబిత వద్దంది. కొత్త బిళ్ళలు పోయిద్దామా అని పాస్టరుగారు అడిగితే ఊళ్ళో ఒక్కరు కూడా వలగుండు తేలేదు. అప్పటి నుంచి బల్ల బిళ్ళల్లేకుండానే జరిగింది. తలుపు మూయడానికి వీల్లేదు కనుక ఎవరూ మూయలేదు. మేకలు వచ్చేవి, ఇసుక వచ్చేది, ప్రసంగం మధ్యలో కుక్క వచ్చి పెద్దల పక్కన పడుకునేది. అన్నిటికంటే ముఖ్యం, సముద్రం హోరు వచ్చేది. ఇరవై ఏళ్ళు ప్రతి ఆదివారం ఆ హోరు కింద ప్రార్థనలు జరిగాయి. తబిత ఎప్పుడూ గుమ్మం పక్క బెంచీ చివరే కూర్చునేది. రొట్టె కూడా అక్కడికే తెచ్చి ఇచ్చేవాళ్ళు.

ఇక మొన్నటి ఆదివారం. తబిత కొడుకు ఓబద్యా ఇప్పుడు ఇరవై ఆరేళ్ళవాడు, రొయ్యల వ్యాపారంలో నిలదొక్కుకున్నాడు, సంఘపెద్దల్లో అందరికంటే చిన్న. తండ్రి ఎలీషా పోయాక ఆయన పేరు మీద చర్చికి రెండు ఏసీలు పెట్టించాడు. బల్ల ఆదివారం నాడే ప్రారంభం. నీళ్ళొచ్చిన నాటి సంగతి అతనికి షెల్టరు మెట్లు, తరవాత పంచిన బిస్కెట్లు, అంతవరకే గుర్తు. ఆరాధనకు ముందు స్క్రూడ్రైవరు తీసుకుని నా పక్కన కూర్చున్నాడు. మోటు చెయ్యి కాదు. నెమ్మదిగానే పీకాడు.

"అది తియ్యొద్దురా," అంది తబిత.

"తలుపు తెరిచి ఉంటే చల్లదనమంతా బయటికి పోద్ది గదమ్మా."

"వినపడాలిరా."

"ఏం వినపడాలి?"

 ఇరవై ఏళ్ళు ఎవరికీ చెప్పని మాట గుమ్మంలో నిలబడి ఎలా చెబుతుంది? ఓబద్యా నన్ను చొక్కాకు తుడిచి చూశాడు. "పదిహేడు. ఇది నీదే గదూ," అని నవ్వి ఆమె అరచేతిలో పెట్టాడు. తలుపు తోశాడు. బాగానే కదిలింది. కొత్త గడియ వేసి చూశాడు. చప్పుడు కూడా కాలేదు.

కిటికీలు మూశారు. యంత్రాలు హుమ్మంటూ చల్లగాలి మొదలైంది. జనం హాయిగా నిట్టూర్చి వెనక్కి వాలారు. సముద్రం హోరు ఆగిపోయింది. ఆగిపోయిందని ఎవరూ గమనించలేదు, నేనూ తబితా తప్ప. ఆమె వేళ్ళు నా మీద బిగుసుకున్నాయి.

కీర్తన ఎత్తుకునే ముందు ఆమె లేచింది. ఓబద్యా కంగారుగా చూశాడు, ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాడు. ఆమె తన చేత్తోనే గడియ తీసుకుని, బయటికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, మెట్ల మీద తన పాత చోట కూర్చుంది. ఈసారి ఆమెను ఎవరూ బయటికి పంపలేదు. కాసేపటికి వెనక నుంచి ఎవరో, చల్లదనం పోతోందని, లోపల గడియ వేసుకున్నారు.

లోపల పాట సన్నగా వినబడుతోంది. ఆమె గొంతు కలపలేదు. నన్ను గుప్పిట్లో పట్టుకుని, కళ్ళార్పకుండా నీళ్ళ వంక చూస్తోంది. తెర వచ్చింది, వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది, వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ, తిరిగి వచ్చేదాకా ఆమె ఊపిరి బిగబట్టి చూస్తోంది.